గుర్రమెక్కిన దయ్యాలు మన అనంతపురంలో: సాయినగర్ కెఫెలో డెవిల్స్ ఆన్ హార్స్‌బ్యాక్ తిన్నాక

ముందే చెప్పేస్తా, ఇది పంది మాంసంతో చేసే ఐటమ్. తినని వాళ్ళు మన ఊర్లో చానా మంది ఉన్నారు, మా ఇంట్లోనే ముగ్గురు ఉన్నారు, వాళ్ళ కోసం కింద వేరేగా రాసినాను, అది చూసుకోండి. తినేవాళ్ళు మాత్రం పూర్తిగా చదవండి. ఎందుకంటే ఇంగ్లండ్‌లో చదువుకుంటా రెండేండ్లు ఒక పబ్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ చేసినాను, ఈ వంటకాన్ని నా చేతులతో కొన్ని వేలు చుట్టుంటాను, తిరిగొచ్చి నాలుగేండ్లయింది, ఈ నాలుగేండ్లలో దీన్ని సరిగ్గా చేసిన చోటు ఒక్కటి కూడా కనపడలేదు, చివరికి దొరికింది యాడంటే మన సాయినగర్‌లో, ఒక మేడ మీద, గట్టిగా చూస్తే ఏడు టేబుళ్ళున్న చిన్న కెఫెలో.

డెవిల్స్ ఆన్ హార్స్‌బ్యాక్ అంటే తెలీని వాళ్ళకి. గింజ తీసేసిన ప్రూన్ గానీ ఖర్జూరం గానీ తీసుకుని, దాని చుట్టూ పల్చటి బేకన్ ముక్క చుట్టి, ఓవెన్‌లో బేకన్ కరకరలాడేదాకా కాల్చడం. అంతే. చెప్పడానికి ఒక్క లైన్ కూడా పట్టదు. కానీ సాంబారు కూడా చెప్పడానికి ఒక్క లైనే కదా, అందరిండ్లలో ఒకే తీరుగా వస్తుందా.

ప్రూన్ అంటే ఎండబెట్టిన ప్లమ్. మన బిర్యానీలో కొందరు వేసే ఆలుబుఖారా కూడా దీని చుట్టమే, కానీ అది పులుపెక్కువ, గట్టిగా ఉంటుంది, గింజతోనే వస్తుంది. ఈ వంటకి కావాల్సింది నల్లగా, మెత్తగా, జిగురుగా, తీపిలో కొంచెం పులుపు దాక్కొని ఉండే రకం. ఆ పులుపే దీనికి ప్రాణం, కింద చెప్తా.

మేము పోయింది మొన్న శనివారం. నేను, మా ఆవిడ, తాడిపత్రి నుంచి హాస్పిటల్ పని మీద వచ్చిన మా మేనమామ. ఈ ఐటమ్ శుక్రవారం సాయంత్రం, శనివారం, ఆదివారం మాత్రమే ఉంటుంది, మిగతా రోజులు అడిగినా చెయ్యరు. ఎందుకని అడిగితే బేకన్ బెంగళూరు నుంచి వస్తుందంట, వారానికి ఒక్కసారి, శుక్రవారం పొద్దున ఐసు డబ్బాలో. 200 కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వచ్చిన సరుకుని ఆదివారం రాత్రికి అయిపోగొట్టేస్తారు, మిగిల్తే మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి వచ్చే వారం దాకా నడిపించరు. నాకు ఆ మాట వినగానే సగం నమ్మకం కుదిరింది. దొరకదు అని మొహమ్మీద చెప్పే హోటల్‌ని నేను ఎక్కువ గౌరవిస్తా.

కూర్చోగానే ఆర్డర్ తీసుకునే అమ్మాయి మొదట అడిగింది ఒక్కటే, "అన్నా, ఇందులో పోర్క్ ఉంటుంది, టేబుల్ మీద అందరికీ ఓకేనా, లేదంటే వాళ్ళకి ప్లేట్లు వేరే పెట్టిస్తాను". మా ఆవిడ తినదు. తనకి వేరే ప్లేటు, వేరే స్పూన్లు, నీళ్ళ గ్లాసు కూడా వేరే రంగుది వచ్చింది. తర్వాత నేను కిచెన్ దగ్గరికి పోయి చూసినాను, పోర్క్ కాల్చే ట్రే, కోసే బోర్డు, కత్తి, పటకారు అన్నీ ఒక పక్కన ఎర్ర టేపు చుట్టి పెట్టినారు, ఓవెన్ కూడా దానికి చిన్నది సెపరేట్‌గా ఉంది. ఈ ఊర్లో అన్ని రకాల వాళ్ళూ కలిసి తిరుగుతాం, ఒక టేబుల్ మీద నలుగురం నాలుగు రకాలుగా తింటాం, అట్లాంటప్పుడు ఈ జాగ్రత్త చానా ముఖ్యం. చెప్పకుండా పెట్టేసి తర్వాత సారీ చెప్పే చోట్లు కూడా చూసినాను నేను.

ప్లేటు రావడానికి 25 నిమిషాలు పట్టింది. మామ రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. కానీ ఇది అప్పటికప్పుడు చేస్తేనే బాగుంటుంది, ఓవెన్‌లోనే ఒక పదిహేను ఇరవై నిమిషాలు కావాలి, ఐదు నిమిషాల్లో తెచ్చి పెట్టినారంటే ముందే చేసి పెట్టింది వేడి చేసినారని అర్థం.

వచ్చింది ఆరు పీసులు. ఒక్కోటి చిన్న బొటనవేలంత, పొడుగ్గా, ఒక్కోదానికి ఒక టూత్‌పిక్, కింద త్రికోణంగా కోసిన బ్రెడ్ టోస్ట్. బేకన్ ఎర్రగా, అంచులు కొంచెం ముదురు రంగు తిరిగి, మీద ఒక మెరుపు. ఆ మెరుపు నూనె పూసింది కాదు, బేకన్‌లో ఉన్న కొవ్వు కరిగి, లోపల పండులోంచి కారిన తీపి దాంతో కలిసి పాకంలాగా పట్టుకున్నది. అది చూడగానే నాకు తెలిసిపోయింది చేసినాయనకి పని వచ్చని.

కొరికితే మొదట కరకర, ఉప్పు, పొగ వాసన. వెంటనే లోపల మెత్తగా ప్రూన్, వేడిగా, దాదాపు హల్వాలాగా అయిపోయి, తీపి. ఆ తీపి ఉప్పుని కడిగేసే లోపల చివర్లో చిన్న పులుపు వచ్చి నోరు మళ్ళీ శుభ్రం చేస్తుంది, దాంతో ఇంకోటి తియ్యాలనిపిస్తుంది. మధ్యలో బాదం ఒకటి పెట్టినారు, వేయించింది, అది పంటి కింద పడినప్పుడు ఇంకో రకం కరకర. ఆరు పీసుల్లో మూడింట్లో బాదం, మూడింట్లో మామిడి చట్నీ. చట్నీ అంటే మన పచ్చడి కాదు, ఇంగ్లీషోళ్ళ మ్యాంగో చట్నీ, మామిడికాయని చక్కెర, వెనిగర్, అల్లం, కిస్‌మిస్ వేసి జామ్ లాగా ఉడకబెట్టేది. మన దేశం నుంచి పోయిన మాటా, మన దేశం నుంచి పోయిన రుచీ, ఆడ మారిపోయి ఇట్లా తిరిగొచ్చింది. దాన్ని ఈ కెఫెలో కొనకుండా ఎండాకాలంలో పచ్చి బేనిషా కాయలతో వాళ్ళే చేసి సీసాల్లో పెట్టుకుంటారంట. నాకు బాదంది కంటే చట్నీదే నచ్చింది. కొంచెం ఘాటు కూడా తగిలింది, ఎండుమిరప పొడి చిటికెడు వేసినారు, సరిగ్గా చిటికెడే.

ఇప్పుడు అసలు విషయం. ఈ కెఫెని నేను ఎందుకింత మెచ్చుకుంటున్నానంటే ఆయన దీన్ని మన కోసం మార్చలేదు.

ఇది వినడానికి చిన్న విషయమే. కానీ ఇంతకు ముందు ఒక పెద్ద సిటీలో, పేరు చెప్పను, మెనూలో ఈ పేరు చూసి ఎగిరి గంతేసి ఆర్డర్ చేసినాను. వచ్చింది ఏందంటే ఖర్జూరానికి బేకన్ చుట్టి, దాన్ని తందూరి మసాలాలో ముంచి, కార్న్‌ఫ్లోర్ అంటించి, డీప్ ఫ్రై చేసి, మీద మయోనైజ్ గీతలు గీసి పంపినారు. బేకన్ ఉప్పు యాడ పోయిందో తెలీదు, ఖర్జూరం తీపి మాత్రం నాలుక మీద పేస్టులాగా మిగిలింది. 500 రూపాయల పైన అయ్యింది దానికి. ఆ రోజు నేను నిజంగా బాధపడినాను, ఎందుకంటే నాతో వచ్చిన ఫ్రెండ్స్ ముగ్గురికి అదే మొదటిసారి, వాళ్ళు ఇదేనా నువ్వు రెండేండ్లుగా చెప్పింది అన్నారు, ఇది కాదు అని ఎట్లా నిరూపించాలి.

ఉగ్గానిలో ఎవరైనా చీజ్ వేసి ఇదే అనంతపురం ఉగ్గాని అని అమ్మితే మనకెట్లా ఉంటుంది. ఎవరి వంటకైనా అదే మర్యాద ఇవ్వాల.

పండు సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే చానా మంది బేకన్ గురించే మాట్లాడతారు, నిజానికి ఇది పండు వంటకం. ప్రూన్‌ని డబ్బాలోంచి తీసి అట్లే చుడితే ఓవెన్ వేడికి ఇంకా ఎండిపోయి తోలులాగా అవుతుంది. అందుకని ముందు నానబెట్టాలి. మా పబ్‌లో డికాక్షన్ టీలో రాత్రంతా నానేసేవాళ్ళం, పాలు లేకుండా, చక్కెర లేకుండా, వట్టి బ్లాక్ టీ. బ్రాందీలో, వైన్‌లో నానబెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. టీలో నానితే ప్రూన్ ఉబ్బి మెత్తబడుతుంది, టీ వగరు కొంచెం ఎక్కి తీపి తగ్గినట్లనిపిస్తుంది. ఈ కెఫెలో కూడా టీనే. నేను అడక్కుండానే రుచిలో తెలిసింది, అయినా లోపలికి పోయి అడిగినాను, ఆయన నవ్వి స్టవ్ పక్కన ఉన్న గిన్నె మూత తీసి చూపించినాడు, నల్లటి డికాక్షన్‌లో ప్రూన్స్ మునిగి ఉన్నాయి. "యాడ నేర్చుకున్నావన్నా" అంటే షిప్‌లో కుక్‌గా పదేండ్లు చేసినానన్నాడు, ఒక ఇంగ్లీషు పెద్ద చెఫ్ కింద. సొంతూరు ధర్మవరం పక్కన పల్లెటూరు.

ఖర్జూరంతో కూడా చేస్తారు అన్నాను కదా. ఇంగ్లండ్‌లో రెండూ చూసినాను. ఎండిన ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే, పులుపు దాదాపు ఉండదు, అందుకని దాంతో చేస్తే లోపల ఏదైనా పుల్లంగానో ఉప్పంగానో పెట్టాల, స్టిల్టన్ లాంటి ఘాటు చీజ్ పెడతారు చానా చోట్ల. లేకుంటే రెండో పీసుకే మొహం మొత్తుతుంది. మన జిల్లాలో కొందరు రైతులు బర్హీ ఖర్జూరం తోటలు వేసినారు, మా దోస్తు ఒకడు దాంతో ఎందుకు చెయ్యరని అడిగినాడు. బర్హీ ఎక్కువగా పసుపు రంగులో పచ్చిగా ఉన్నప్పుడే తినే రకం, కరకరలాడే పండు, చుట్టి కాలిస్తే ఈ మెత్తదనం రాదు.

ఇక బేకన్. పంది పొట్ట భాగం గానీ వీపు భాగం గానీ మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి, చానా చోట్ల పొగ కూడా పెట్టి, పల్చగా కోసింది. ఇంగ్లండ్‌లో రెండు రకాలు ఉంటాయి, వాళ్ళు పొద్దున టిఫిన్‌కి ఎక్కువ తినేది వీపు భాగంది, బ్యాక్ బేకన్ అంటారు, వెడల్పుగా మాంసం ఎక్కువగా ఉంటుంది. దీనికి అది పనికిరాదు. చారలు చారలుగా కొవ్వూ మాంసమూ ఒకదాని పక్కన ఒకటి ఉండే స్ట్రీకీ బేకనే కావాలి, ఎందుకంటే ఆ కొవ్వు కరిగి పండుని తడుపుతా ఉండాలి. చుట్టే ముందు ఇంకో పని ఉంది. బోర్డు మీద ముక్క పరిచి కత్తి వెనకవైపుతో ఒత్తి సాగదీస్తారు, ఓళిగ పిండి సాగదీసినంత మెల్లగా. అట్లా చేస్తే పల్చబడుతుంది, ఓవెన్‌లో ముడుచుకోకుండా ఉంటుంది, లోపలి పొర కూడా ఉడుకుతుంది. ఈ ఒక్క పని ఎగ్గొడితే బయట మాడి లోపల రబ్బరులాగా సాగుతుంది. ఒక ముక్కని సగానికి కోసి సగంతో ఒక పండు చుట్టాలి, చుట్టు ఒకటిన్నర తిరిగితే చాలు, అంతకంటే ఎక్కువైతే పండు రుచి పోతుంది. అంచు కింద వైపుకి వచ్చేట్టు ట్రేలో పెట్టాలి, టూత్‌పిక్‌ని ముందు నీళ్ళలో నానేస్తే మాడదు. 200 డిగ్రీలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. మా పబ్‌లో డిసెంబర్ నెలలో ఆఫీసుల క్రిస్మస్ పార్టీలు వరసగా ఉండేవి, ట్రేల మీద ట్రేలు, నా వేళ్ళకి ఆ పొగ వాసన ఇంటికి పోయినా వదిలేది కాదు. చలికి బయట చేతులు కొంకర్లు పోతాంటే ఓవెన్ ముందర నిలబడి ఇవి తిప్పుకుంటా ఉండడం, ఆ రెండేండ్లలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

సాయినగర్‌లో ఆయన ఇవన్నీ చేసినాడు. ఆరింట్లో ఐదు పర్ఫెక్ట్. ఒకటి మాత్రం అంచు దగ్గర లోపలి పొర మెత్తగా ఉండింది.

పేరు సంగతి మామ అడిగినాడు. "ఏం రా అల్లుడూ, దయ్యాలు గుర్రమెక్కినాయి అని పేరు పెట్టుకుంటారా తినేదానికి?" అని. నాకు తెలిసినంత చెప్పినాను. దీనికి ఒక అన్న ఉన్నాడు, ఏంజెల్స్ ఆన్ హార్స్‌బ్యాక్, గుర్రమెక్కిన దేవదూతలు. అందులో పండు బదులు ఆయిస్టర్ ఉంటుంది, సముద్రంలో దొరికే ఆల్చిప్ప లోపలి మాంసం, తెల్లగా ఉంటుంది. ఇందులో నల్లటి ప్రూన్. తెల్లది దేవదూత అయితే నల్లది దయ్యం అయ్యిందని చెప్తారు. ఇంగ్లీషు వంటల్లో కారం ఘాటు వేసిన వాటిని డెవిల్డ్ అని కూడా అంటారు, అదీ ఒక కారణం కావచ్చు. ఇంకో ముచ్చట ఏందంటే ఇప్పుడు దీన్ని స్టార్టర్‌గా పెడుతున్నారు గానీ, విక్టోరియా రాణి కాలం నాటి పెద్దింటి విందుల్లో ఇట్లాంటివి చివర్లో వచ్చేవి. స్వీటు తిన్నాక, పోర్ట్ వైన్ తాగే ముందు, నోరు మార్చుకోవడానికి ఒక చిన్న ఉప్పటి ఐటమ్. సేవరీ అనేవాళ్ళు. టోస్ట్ మీద పెట్టడం అప్పటి అలవాటే. స్వీటు తర్వాత ఉప్పు అంటే మామకి వింతగా అనిపించలేదు, పెండ్లి భోజనంలో చివర్న పెరుగన్నంలో ఊరగాయ నంజుకునేది అదే కదా అన్నాడు. నాకు ఇన్నేండ్లలో తట్టని మాట అది.

1800లో నిజాం నుంచి మన సీడెడ్ జిల్లాలు (దత్తమండలాలు) ఈస్టిండియా కంపెనీ చేతికి పోయినాక థామస్ మన్రో 1807 దాకా కలెక్టర్‌గా ఈ అనంతపురంలోనే మకాం పెట్టినాడు. 1882లో అనంతపురం వేరే జిల్లా అయినాక కూడా తెల్ల కలెక్టర్లు చానా ఏండ్లు ఈడ ఉండినారు, కోర్టులు, కచేరీలు, భూమి శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ పద్ధతులు అన్నీ వదిలిపెట్టి పోయినారు, వాళ్ళ భోజనం మాత్రం వాళ్ళ బంగళాల గేటు దాటలేదు. ధర్మవరం పక్క పిల్లోడు ఒకడు షిప్పెక్కి నేర్చుకుని తేవాల్సి వచ్చింది.

మామ తింటాడనుకోలేదు. ముందు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసినాడు, వాసన చూసినాడు, సగం కొరికి చానాసేపు నమిలినాడు. తర్వాత ఏం మాట్లాడకుండా మిగతా సగం నోట్లో వేసుకుని ఇంకోటి తీసుకున్నాడు. మూడోది తింటా చెప్పినాడు, చిన్నప్పుడు పండగ రోజు మా అవ్వ ఓళిగ పెట్టి పక్కన నాటుకోడి పులుసు పోసేది, దాంట్లో ముంచుకుని తినేవాళ్ళం, ఆ తీపీ కారం కలిసినట్లే ఉంది ఇది అని. నిజమే. మనోళ్ళకి తీపీ మాంసం కలవడం కొత్త కాదు, ఓళిగలూ కోడికూరా పెరిగిన నోర్లు ఇవి. అందుకే ఈ వంటకాన్ని మసాలా వేసి మనకి దగ్గర చెయ్యాల్సిన అవసరం లేదంటున్నా, అది ముందే దగ్గరగా ఉంది.

పోర్క్ తినని వాళ్ళకి ఏముందంటే, ఖర్జూరం నిలువుగా చీల్చి, లోపల వేయించిన చెనక్కాయల పలుకులూ పనీరూ చిటికెడు ఉప్పూ కారం కలిపి కూరి, నెయ్యి రాసి ఓవెన్‌లో కాల్చి ఇస్తారు. మా ఆవిడ అదే తిన్నది, బాగుంది అన్నది, నేనూ ఒకటి తీసుకున్నాను, చెనక్కాయల వాసనా ఖర్జూరం తీపీ బాగా కలిసినాయి. నాకు నచ్చింది ఏందంటే దానికి మెనూలో వెజ్ డెవిల్స్ అని పేరు పెట్టలేదు. ఖర్జూరం రోస్ట్ అని ఉంది, అంతే. చికెన్‌తో ఎందుకు చెయ్యలేదన్నా అని అడిగితే ట్రై చేసినానన్నాడు, చికెన్‌ని పల్చగా కోసి చుట్టినా అందులో కరిగే కొవ్వు లేదు కాబట్టి ఎండిపోయి చెక్కలాగా అయ్యిందంట, చర్మంతో చుడితే జారిపోయిందంట, అందుకే మానేసినాడు. రానిదాన్ని రాలేదని ఒప్పుకుని మెనూలోంచి తీసేసే వంటాయన మీద నాకు గౌరవం పెరిగింది.

తక్కువలు కూడా ఉన్నాయి, దాచను.

టోస్ట్ ప్రాబ్లం. కొవ్వూ పాకమూ కారి అడుగున ఉన్న బ్రెడ్‌లోకి దిగుతుంది, దిగాలి కూడా, అదే దాని రుచి. కానీ బ్రెడ్ మామూలు మిల్క్ బ్రెడ్ వాడినారు, ఐదు నిమిషాల్లో నానిపోయి చేతిలోకి తీసుకుంటే విరిగిపోతాంది. తీపి తక్కువ ఉండే గట్టి బ్రెడ్ కావాలి. నేను చెప్పినాను, మన దగ్గర అట్లాంటిది రోజూ దొరకట్లేదు, సొంతంగా చేసే ఆలోచనలో ఉన్నానన్నాడు. ఒక ప్రూన్‌లో గింజ పెంకు చిన్న ముక్క తగిలింది మామకి, పన్నుకేం కాలేదు, కానీ పెద్దవాళ్ళు తినేటప్పుడు జాగ్రత్త. వాళ్ళకి చెప్తే వెంటనే ఇంకో రెండు పీసులు తెచ్చి పెట్టినారు, బిల్లులో వెయ్యలేదు, సాకులు కూడా చెప్పలేదు.

ఇంకోటి, వచ్చీ రాగానే నోట్లో వేసుకోవద్దు. లోపల పండు తీపి పాకంలాగా మరుగుతా ఉంటుంది, బయట చూస్తే చల్లారినట్లే కనపడుతుంది. రెండు నిమిషాలు ఆగండి. ఈ మాట ఆ ఆర్డర్ తీసుకునే అమ్మాయి టేబుల్ మీద పెట్టేటప్పుడే చెప్పాలి, మాకు చెప్పలేదు, నాకు తెలుసు కాబట్టి మామని ఆపినాను. పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

పార్సిల్ మాత్రం వద్దే వద్దు. నేను మర్నాడు ఆదివారం ఆశపడి ఒక ప్లేట్ పార్సిల్ తెప్పించినాను, రామ్‌నగర్‌కి వచ్చేసరికి డబ్బా మూతకి ఆవిరి పట్టి బేకన్ అంతా మెత్తగా తడిగా అయిపోయింది. మళ్ళీ పెనం మీద వేస్తే కొంచెం తేరుకుంది గానీ పండు గట్టిపడింది. వాళ్ళు కూడా పార్సిల్ వద్దనే చెప్పినారు ఫోన్‌లో, నేనే వినలేదు, అందుకని ఆ తప్పు వాళ్ళ మీద వెయ్యను.

ఆ మేడ మెట్లు కొంచెం ఇరుకు, నిలువుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని తీసుకుపోతే నిదానంగా ఎక్కించండి, లిఫ్ట్ లేదు. కింద బైకులకి చోటు ఉంది, కారు మాత్రం పక్క సందులో పెట్టుకోవాల. ఏసీ రెండిట్లో ఒకటే పని చేస్తాంది. బాత్‌రూమ్ శుభ్రంగా ఉంది.

ప్లేటు ఆరు పీసులు 340 రూపాయలు. ఎక్కువే అని మామ అన్నాడు, ఆ డబ్బుకి టవర్ క్లాక్ దగ్గర ఇద్దరు కడుపునిండా తింటారు, అది నిజం. కానీ మంచి బేకన్ రేటూ, ప్రూన్స్ రేటూ, బెంగళూరు నుంచి ఐసులో తెచ్చే ఖర్చూ లెక్కేస్తే నాకు అన్యాయం అనిపించలేదు. కడుపు నిండే ఐటమ్ కాదిది, ఇద్దరు పంచుకుని తర్వాత ఇంకేదైనా తినాలి. మేము తర్వాత వాళ్ళ షెపర్డ్స్ పై తీసుకున్నాం, మటన్ ఖీమా మీద మెత్తటి ఆలుగడ్డ పరిచి కాల్చింది, అది పర్వాలేదు, ఇంకొంచెం మిరియాలు పడాల. టీ బాగుంది.

ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. బేకన్ లాంటి ఊరబెట్టిన మాంసాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఉప్పు ఎక్కువ, కొవ్వు ఎక్కువ, పైన పండు చక్కెర. బీపీ, షుగర్ ఉన్న వాళ్ళు ఒకట్రెండు పీసులతో ఆపండి. నేను నెలకి ఒక్కసారి అని పెట్టుకున్నాను. మా మామకి బీపీ ఉంది, నాలుగోది తీసుకోబోతే మా ఆవిడ ప్లేటు పక్కకి జరిపింది, ఆయన ఏమీ అనకుండా టోస్ట్ ముక్కతో ప్లేటులో మిగిలిన పాకం తుడుచుకుని తిన్నాడు.

పోవాలనుకునే వాళ్ళు శుక్రవారం గానీ శనివారం గానీ సాయంత్రం ఏడు లోపల పోండి. రోజుకి ఇరవై ప్లేట్ల కంటే ఎక్కువ చెయ్యనన్నాడు ఆయన, ఒక్కడే చుడతాడు కాబట్టి. మేము దిగేటప్పుడు ఎనిమిదిన్నర, మా ముందరే ఒక జంట వచ్చి అడిగితే అయిపోయిందన్నారు. చట్నీ పెట్టింది కావాలంటే ఆర్డర్ చెప్పేటప్పుడే చెప్పండి, ఆరూ చట్నీవే ఇస్తారు. మామ మళ్ళీ చెకప్‌కి వచ్చేది 22వ తారీఖు, బుధవారం పడింది. డాక్టర్ దగ్గర శుక్రవారం అపాయింట్‌మెంట్ దొరుకుతుందేమో కనుక్కోమని నిన్న ఫోన్ చేసినాడు.